‘మూన్‌స్టోన్’ నవల : సాక్ష్యము, చరిత్ర

అపరాధ పరిశోధక నవలను సాహిత్యచర్చకు వెలుపల నుంచుట మన విద్యాస్థానములలో చిరకాలముగా నున్న అలవాటు. అట్టి నవల ఒకే ప్రశ్నపై నిలుచుననియు, దొంగ యెవడో, హంతకుడెవడో తెలిసిన క్షణముననే దాని పని ముగియుననియు కొందరి వాదము. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. రైలుప్రయాణమున చదివి బల్లమీద విడిచిపోవు పుస్తకములు ప్రతి భాషలోను కలవు. కాని వాదము పూర్తిగా నిజమైనచో, ఇంగ్లండులో 1868లో వెలువడిన విల్కీ కాలిన్స్ నవల ‘మూన్‌స్టోన్’ ఏనాడో మరుగుపడవలసినది. దాని రహస్యము నూటయేబది సంవత్సరములకు పైగా లోకవిదితము. ఐనను ఆ నవల నేటికిని ముద్రింపబడుచునే యున్నది. ఒకసారి చదివినవారే మరల చదువుచున్నారు. రహస్యము తెలిసిన పిదప మిగులునదేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఒక మనవి. దొంగ పేరు దాచి మా వాదమును నిరూపింప వలనుపడదు. కావున ఈ నవలను ఇంకను చదువనివారు దానిని ముగించి పిదప ఈ వ్యాసమును చూచుట మేలు.

నవల పేరును గూర్చి మొదట ఒక మాట చెప్పవలెను. ‘మూన్‌స్టోన్’ అనగానే మనకు ప్రబంధములలోని చంద్రకాంతశిల స్ఫురించును. వెన్నెల సోకగనే చెమర్చి జాలువారు ఆ శిల మన కవులకు మిక్కిలి ప్రియమైనది. నవలలోని మణి అది కాదు. అది పసుపువన్నెగల పెద్ద వజ్రము. చంద్రుని వృద్ధిక్షయములతోపాటు దాని కాంతియు పెరిగి తరుగునని అందు చెప్పబడినది. సోమనాథక్షేత్రమున చంద్రదేవతా విగ్రహపు నుదుట నది పొదుగబడి యుండెనని కథ. సోమనాథుడనగా సోమునికి నాథుడైన శివుడని మన బాలురకును తెలియును. కాలిన్స్ ఆ పేరు విని ఆలయదైవము చంద్రుడే యనుకొనెను. ఇట్టి పొరపాటులు నవలలో మరికొన్ని కలవు. వానిని లెక్కించి రచయితను పరిహసించుట సులభము. కాని ఈ నవల భారతదేశమును గూర్చి ఇచ్చు సమాచారము కంటె, ఆ దేశము నుండి పోయిన సొత్తును గూర్చి వేయు ప్రశ్న ముఖ్యమైనది.

కాలిన్స్ 1824లో లండనులో జన్మించి 1889లో మరణించెను. తండ్రి పేరొందిన చిత్రకారుడు. కాలిన్స్ న్యాయశాస్త్రము చదివి 1851లో బారిస్టరు పట్టము పొందెనే కాని న్యాయవాదవృత్తి నవలంబింపలేదు. ఐనను కోర్టులో సాక్షులు ఒకరి వెనుక నొకరు బోనెక్కి తమ తమ వాఙ్మూలముల నిచ్చు విధానము ఆయన మనస్సున నాటుకొన్నది. 1859, 60 సంవత్సరములలో ప్రకటించిన ‘వుమన్ ఇన్ వైట్’ నవలలో ఆ పద్ధతిని మొదట ప్రయోగించి, ‘మూన్‌స్టోన్’లో పరిపూర్ణ మొనర్చెను.

‘మూన్‌స్టోన్’ చార్లెస్ డికెన్స్ నడుపుచున్న ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ అను వారపత్రికలో 1868 జనవరి 4 నుండి ఆగస్టు 8 వరకు 32 వారములు ధారావాహికగా వెలువడెను. చివరి భాగములు పత్రికలో ముగియకమునుపే, జూలైలో, టిన్‌స్లీ సోదరులు దానిని మూడు సంపుటములుగా ప్రచురించిరి. వ్రాయుచున్న కాలమున రచయిత తల్లి మరణించెను. కీళ్లవాతముచే పీడితుడై ఆయన మంచము పట్టెను. బాధోపశమనమునకై లాడనమ్ అను నల్లమందు ద్రావకమును సేవించుచుండెను. మంచముననుండి బాధతో మూలుగుచు నవలను చెప్పి వ్రాయించెనను కథ బహుళప్రచారము పొందినది. కాని వ్రాతప్రతిని పరిశీలించినవారు అందు అన్యుల దస్తూరి స్వల్పభాగముననే కలదని తేల్చిరి. రచయిత స్వయముగా చెప్పిన మాటయైనను వ్రాతప్రతితో సరిచూచుకొనవలెనని పరిశోధకులకు ఇది యొక హెచ్చరిక. సాక్షి సత్యవంతుడైనను అతని జ్ఞాపకము అట్లే యుండనక్కరలేదు. ఈ నవల బోధించునదియు నదే.

ఈ కథకు బీజమైన వాస్తవ సంఘటన యొకటి కలదు. లండను పోలీసుశాఖలో నేరపరిశోధక విభాగము 1842లో ఏర్పడెను. ఆరంభమున అందుండినవారు ఎనమండుగురు మాత్రమే. వారిలో జానథన్ విచర్ అను ఉద్యోగి మిక్కిలి సమర్థుడని పేరొందెను. 1860 జూన్ నెలాఖరున రోడ్ అను గ్రామమున ఒక సంపన్నగృహములో నాలుగేండ్లు నిండని బాలుడు హత్యకు గురియయ్యెను. విచర్ వచ్చి, కనబడకపోయిన ఒక రాత్రియంగీ యాధారముగా, ఆ బాలుని సవతి యక్క యైన కాన్‌స్టెన్స్ కెంట్ అను పదునారేండ్ల బాలికను అనుమానించెను. మర్యాదగల కుటుంబపు కన్యపై ఒక సామాన్యోద్యోగి నేరము మోపుట ప్రజలకు సహింపరానిదయ్యెను. బాలిక విడుదలయ్యెను, విచర్ అపకీర్తిపాలై కొలదియేండ్లలో ఉద్యోగము విరమించెను. 1865లో ఆమె తన నేరము నంగీకరించెను. విచర్ ఊహ నిజమయ్యెను. కాని అది ఆతని ఉద్యోగమును నిలుపుటకు ఆలస్యమయ్యెను.

గౌరవకుటుంబపు టిల్లు, కానరాని రాత్రియంగీ, లండను నుండి వచ్చిన పరిశోధకుడు, ఇంటి కన్యపై అనుమానము — ఇవి యన్నియు ‘మూన్‌స్టోన్’లో ప్రవేశించినవి. కాలిన్స్ హత్యను తొలగించి దొంగతనము నుంచెను. మరియొక ముఖ్యమైన మార్పును చేసెను. విచర్ నిజము కనుగొని ఓడిపోయెను. నవలలోని సార్జెంట్ కఫ్ మహానిపుణుడయ్యు తన ప్రధాననిర్ణయమున పొరబడెను.

కథాసంగ్రహ మిది. రేచల్ వెరిండర్ అను యువతికి 1848 జూన్ 21న, ఆమె జన్మదినమున, మేనమామ మరణశాసనము ద్వారా వజ్రము సంక్రమించును. ఆమె జ్ఞాతియైన ఫ్రాంక్లిన్ బ్లేక్ దానిని తెచ్చి యిచ్చును. ఆ రాత్రియే వజ్రము మాయమగును. ఇంటి పరిసరములలో గారడీవాండ్ర వేషమున ముగ్గురు భారతీయులు తిరుగుచుండిరి. తొలి యనుమానము వారిపైననే. కాని వారు నిర్దోషులని త్వరలోనే తేలును. తలుపుపై తడియారని రంగు చెరిగియుండుట చూచి, ఆ రంగంటిన వస్త్రము నెవరు దాచిరో వారే దొంగయని కఫ్ నిర్ణయించును. రేచల్ ఎవరితోను మాటాడదు. కావున ఆమెయే తన వజ్రమును తాను దాచెనని ఆతడు భావించును. రోసన్నా అను దాసి, ఒకప్పుడు దొంగతనమునకు శిక్షననుభవించినది, సముద్రతీరపు ఊబిలోపడి ప్రాణములు విడుచును. ఏడాది గడచిన పిదప ఫ్రాంక్లిన్ ఆ ఊబినుండి రోసన్నా దాచిన పెట్టెను తీయును. అందు రంగంటిన రాత్రియంగీ యుండును. దానిపై కుట్టబడిన పేరు ఆతనిదే!

దొంగను వెదకుటకు అందరికంటె నెక్కువగా పాటుపడినవాడే తాను దొంగయని తెలిసికొను ఈ ఘట్టము నవలకు గుండెకాయ వంటిది. ఆ రాత్రి విందులో వైద్యశాస్త్రమును పరిహసించినందులకు ఒక వైద్యుడు ఫ్రాంక్లిన్‌కు తెలియకుండ నల్లమందు నిప్పించెను. వజ్రమునకు ఆపద కలుగునను చింతతో నిద్రించిన ఫ్రాంక్లిన్ మత్తులో లేచి, దానిని భద్రపరచు తలంపుతోనే తీసి, గాడ్‌ఫ్రే ఏబిల్‌వైట్ చేతికిచ్చెను. ధర్మసంఘములలో ఉపన్యసించి ఖ్యాతిగాంచిన ఆ పెద్దమనిషి పరులసొమ్ము కాజేసి అప్పులలో మునిగినవాడు. వజ్రమును దాచుకొని తాకట్టుపెట్టెను. అనగా చేయి యొకనిది, దొంగబుద్ధి మరియొకనిది. ‘ఎవరు తీసిరి?’ అను ప్రశ్నకు ఒక సమాధానము, ‘ఎవరు దొంగిలించిరి?’ అను ప్రశ్నకు వేరొక సమాధానము లభించుచున్నవి. పరిశోధక నవల యింకను శైశవమున నున్న కాలముననే కాలిన్స్ ఇంత సూక్ష్మమును సాధించుట విశేషము.

ఇక కథనపద్ధతిని చూతము. ఈ వృత్తాంతమును ఒకరు చెప్పరు. ముసలి గృహనిర్వాహకుడు బెటరెడ్జ్, మతాభినివేశముగల మిస్ క్లాక్, న్యాయవాది బ్రఫ్, ఫ్రాంక్లిన్, వైద్యసహాయకుడు ఎజ్రా జెనింగ్స్, సార్జెంట్ కఫ్ మున్నగువారు వరుసగా తమ తమ వాఙ్మూలములను వ్రాయుదురు. నియమ మొక్కటే : ఎవరికి వారు తాము స్వయముగా చూచినదే వ్రాయవలెను, ఆనాడు తమకు తెలిసినంతవరకే వ్రాయవలెను, తరువాత తెలిసినదానిని ముందుకు తెచ్చి కలుపరాదు. ఈ నియమము పాఠకుని మోసగించుటకు పన్నిన ఉపాయము మాత్రమే కాదు. వినికిడి సాక్ష్యమును త్రోసిపుచ్చు న్యాయస్థానపు నియమమే యిది. చరిత్రకారునకును ఇదియే మొదటిపాఠము.

ఐతే కాలిన్స్ అంతటితో తృప్తిపడలేదు. ప్రత్యక్షసాక్ష్యమునకును హద్దు కలదని చూపెను. బెటరెడ్జ్ సత్యవంతుడు, కాని యజమానురాలిపై భక్తి ఆతని కన్నులకు పొరవలె నడ్డుపడును. కష్టము వచ్చినపుడెల్ల ఆతడు ‘రాబిన్సన్ క్రూసో’ను తెరచి, కనబడిన వాక్యమును దైవవాణిగా గ్రహించును, మన పెద్దలు భారతమునో రామాయణమునో తెరచి శకునము చూచుట వంటిదే. మిస్ క్లాక్ అబద్ధమాడదు. కాని తలుపుచాటున నిలిచి విన్నదానిని ధర్మకార్యముగా భావించును. ఆమె వాక్యములు ఆమెనే పట్టియిచ్చును. రెండవమారు చదువునపుడు దొంగజాడలకై తడవుకొనము. ఒక్కొక్క సాక్షి తానెరుగకయే తన్ను వెల్లడించుకొను విధమును చూచి ఆనందింతుము. రహస్యము పోయినను ఈ రుచి పోదు. పునఃపఠనమునకు మొదటి కారణమిది.

వీరందరిలో అత్యంత ముఖ్యమైన సాక్షి చిరకాలము నోరు విప్పని రేచల్. ఫ్రాంక్లిన్ వజ్రమును తీయుట ఆమె తన కన్నులార చూచెను. ప్రేమించినవానిని పట్టియీయలేక, క్షమింపనులేక, మౌనము వహించెను. ఆమె చూచినది నిజము. చూచినదానినుండి ఆమె గ్రహించినది నిజము కాదు. ఈ విషయమును మనస్సున నుంచుకొని నవల ఉపోద్ఘాతమునకు మరలవలెను. రెండవ కారణము అచట నున్నది.

ఉపోద్ఘాతము 1799 మే 4న శ్రీరంగపట్నము ముట్టడిలో జరుగును. ఆనాడు టిపూ సుల్తాను మరణించెను. దోపిడి కూడదని, పట్టువడినవానిని ఉరితీయుదుమని జనరల్ బేర్డ్ దండోరా వేయించినట్లు నవలలో చెప్పబడినది. ఐనను జాన్ హెర్న్‌కాసిల్ అను అధికారి ఆయుధశాలలో ప్రవేశించును. టిపూ బాకు పిడిలో పొదుగబడియున్న వజ్రమునకై దానిని కాచుకొనియున్న ముగ్గురు భారతీయులు అచట హతులగుదురు. హెర్న్‌కాసిల్ చేత నెత్తురోడుచున్న బాకును ఆతని జ్ఞాతియైన మరియొక అధికారి చూచును. కాని చంపుట చూడలేదు. ప్రత్యక్షముగా చూడనందున పై యధికారులకు ఫిర్యాదు చేయజాలనని ఆతడు కుటుంబమునకు లేఖ వ్రాసి మిన్నకుండును. విచారణ లేదు, శిక్ష లేదు. హెర్న్‌కాసిల్ వజ్రముతో ఇంగ్లండు చేరును.

ఈ రెండు నేరములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. 1848లో రేచల్ చూచెను. ఆమె నిర్ణయము తప్పు. 1799లో ఆ అధికారి చూడలేదు. ఆతని నిర్ణయము ఒప్పు. ఇంటిలోని చిన్న దొంగతనమునకు పోలీసులు, న్యాయవాది, వైద్యుడు కలిసి ఏడాదికాలము పరిశోధించిరి. మూడు ప్రాణములు పోయిన పెద్దనేరమునకు ఒక్క లేఖతో సరి! అందరును ‘రేచల్ వజ్రము నెవరు దొంగిలించిరి?’ అని యడుగుదురు. ‘వజ్రము రేచల్‌ది యెట్లయ్యెను?’ అను ప్రశ్నను ఎవరును గట్టిగా అడుగరు. ఆ ప్రశ్నను రచయిత ఉపోద్ఘాతమున నాటి, మధ్యకథలో మరపించి, చివర మరల మన ముందుంచును. దొంగను పట్టుకొంటిమని సంతోషించిన పాఠకుడే, తానును ఇంతవరకు మొదటి దొంగను మరచితినని సిగ్గుపడును. మా దృష్టిలో ఈ నవల దీర్ఘాయుష్షునకు మూలమిదియే.

శ్రీరంగపట్నపు యుద్ధము మన ప్రాంతమునకు దూరపు వార్త కాదు. ఆ ముట్టడిలో కంపెనీ సేనలతోపాటు హైదరాబాదు నిజాము సైన్యమును పాల్గొన్నది. 1792లోను 1799లోను మైసూరు రాజ్యమునుండి తనకు లభించిన భూములను నిజాము 1800లో కంపెనీకి దత్తము చేసెను. అవియే దత్తమండలములు, 1928లో వానికి రాయలసీమ యను పేరు వచ్చినది. అనగా కాలిన్స్ కల్పించిన వజ్రమును లండనుకు పంపిన యుద్ధమే తెలుగువారి యొక సీమ చరిత్రను మార్చినది. కోటలోని ధనరాశి నాడు సైన్యమున హోదాననుసరించి పంచబడెను. టిపూ కొలువులోని కొయ్యపులి బొమ్మ లండను చేరి ప్రదర్శింపబడెను. నేటికిని అచటి విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో కలదు. జనరల్ నిషేధించిన దోపిడికిని, సైన్యము పంచుకొన్న ధనమునకును గల భేదమేమో ఆలోచింపవలసినదే.

కాలిన్స్ తన ముందుమాటలో వజ్రకథకు ఆధారములుగా రష్యా చక్రవర్తి రాజదండమునందలి మణిని, కోహినూరును పేర్కొనెను. పంజాబు కంపెనీవశమైన పిదప కోహినూరు 1850లో విక్టోరియా రాణికి చేరినది. 1851లో లండను మహాప్రదర్శనమున జనులు దానిని చూచిరి. నవలలోని కథ 1850లో ముగియుట గమనింపదగినది. నిజమైన వజ్రము ఇంగ్లండు చేరిన సంవత్సరముననే కల్పితవజ్రము ఇంగ్లండును వీడి స్వస్థానము చేరును! కోహినూరు కృష్ణాతీరమునందలి కొల్లూరు గనిలో పుట్టినదని పలువురి విశ్వాసము. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే దర్శించి వర్ణించిన ఆ గని ప్రదేశము నేడు పులిచింతల జలాశయమున మునిగియున్నది. ఈ దేశపు పాఠకునికి ఈ నవల కేవలము వినోదము కాకపోవుటకు ఇదియు నొక హేతువు.

1857 తిరుగుబాటు పిమ్మట ఇంగ్లండులో భారతీయులపై ద్వేషము ప్రబలినది. డికెన్స్ కోపోద్రిక్తుడయ్యెను. ఆయనతో కలిసి కాలిన్స్ ఆ యేటనే ఒక క్రిస్మస్ కథ వ్రాసినను, మరుసటి యేట ‘సిపాయీలకు ఒక ధర్మబోధ’ యను అర్థముగల వ్యాసమున షాజహాను కాలపు నీతికథను చెప్పెను. పదేండ్ల తరువాత వ్రాసిన ‘మూన్‌స్టోన్’లో ముగ్గురు బ్రాహ్మణులు గాడ్‌ఫ్రేను చంపి వజ్రమును కొనిపోవుదురు. హత్య హత్యయే, ఐనను రచయిత వారిని నీచులుగా చిత్రింపడు. సముద్రము దాటి, వేషములు వేసి, వారు తమ కులమును కోల్పోయిరి. సోమనాథమున విగ్రహముముందు వజ్రమును సమర్పించి, మరల ఒకరినొకరు చూడరాదను నియమముతో మూడు దిక్కులకు విడిపోవుదురు. మర్త్‌వైట్ అను యాత్రికుడు దూరమునుండి దానిని చూచి వ్రాయును. 1890లో కానన్ డాయిల్ ‘సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో ఆగ్రా నిధిని కథావస్తువుగా గ్రహించెను. అచట నిధి థేమ్స్ నదిపాలగును. దానిని పోగొట్టుకొన్న దేశమునకు తిరిగిచేరదు. ఇరువది రెండేండ్ల ముందే కాలిన్స్ వేరొక ముగింపును ఊహించెను.

ఈ నవలకు లోపము లేదని మేము చెప్పము. ఇంతమంది సాక్షులలో ఆ ముగ్గురు భారతీయుల వాఙ్మూలము లేదు. వారికి పేర్లైనను లేవు. వారి త్యాగమును సైతము ఆంగ్లేయుడే చూచి చెప్పవలసి వచ్చినది. స్వయముగా చూచినవారే చెప్పవలెనను నియమమును అంత నిష్ఠతో పాటించిన గ్రంథమున, అందరికంటె నెక్కువ తెలిసినవారే పలుకకుండుట గొప్ప వెలితి. ఈ నవలనుండి పుట్టిన ప్రశ్నతోనే ఈ నవలను కొలువవచ్చును. అట్లు కొలిచినను నిలుచుట దాని బలము.

కవి టి. యస్. ఇలియట్ ఆధునిక ఆంగ్ల పరిశోధక నవలలలో దీనికి ప్రథమస్థానమిచ్చి, ఇదియే ఉత్తమమని ప్రశంసించెను. మొదటిది యగునా కాదా యను వివాదము కలదు. పో కథలు 1841 నుండి వెలువడినవి. 1860 తరువాతి యేండ్లలో ఇంగ్లండులోను ఫ్రాన్సులోను ఇట్టి నవలలు కొన్ని వచ్చినవి. మొదటిది కాకున్నను నష్టము లేదు. తరువాతివారు దీనినుండి గ్రహించిన సామగ్రి — గ్రామసీమలోని పెద్ద యిల్లు, పరిమితమైన అనుమానితులు, చేతగాని స్థానికపోలీసు, ప్రతిభావంతుడైన పరిశోధకుడు, నేరము జరిగిన విధమును మరల నడిపించి చూచుట — తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల వరకు పలురూపములలో వ్యాపించినది. సామగ్రిని గ్రహించినవారు పలువురు. దానివెనుక నున్న ప్రశ్నను గ్రహించినవారు కొందరే.

కావున మా మనవి యిది. పరిశోధక నవలను తూచుటకు ‘దొంగ తెలిసిన పిదప మరల చదువగలమా?’ అను ప్రశ్నయే తగిన త్రాసు. ఆ త్రాసులో తూగిన గ్రంథమును వర్గము పేరు చెప్పి వెలివేయరాదు. తెలుగులో ఈ శాఖపై పరిశోధించువారు కథాంశములను వర్గీకరించుటతో తృప్తిపడక, ఏ నేరమును విచారించిరి, ఏ నేరమును విచారింపక విడిచిరి, ఎవరిని సాక్షులుగా పిలిచిరి, ఎవరిని పిలువలేదు అని అడుగవలెను. ‘మూన్‌స్టోన్’లోని మూగసాక్షులు ముగ్గురు నేటికిని పిలుపునకై ఎదురుచూచుచున్నారు.